మొదటి స్థానంలో సూడాన్

హలో… ఆ, నేనే. చెప్పు సుధా.

లైబ్రరీలనే ఉన్న… లేదు లేదు, కౌంటర్ల శామ్యూల్ కూర్చున్నడు. నేను అట్లాసుల బీరువా దగ్గర ఉన్న. మాట్లాడొచ్చు.

చూసిన… నువ్వు పంపిన కీ చూసిన. నీ ఆన్సర్లు కూడ చూసిన… ఆ, మొత్తం నూటయాభై ప్రశ్నలు.

డెబ్బై నాలుగు.

మూడుసార్లు లెక్కపెట్టిన… నీకు కూడ అంతే వచ్చిందా?… మన బీసీలకు డెబ్బై అయిదు ఉంటేనే టెట్ పాస్. ఒక్కటి తక్కువ… ఆ. ఒక్కటే.

సుధా… ఏడుస్తున్నవా?

…సరే.

ఎక్కడున్నవ్?… హాస్టల్ మెట్ల మీదనా. లోపలికి పో, ఎండ ఉన్నది… పోనంటవా. సరే, అక్కడనే కూర్చో.

ఆ… ఆ ప్రశ్న చూసిన. నూట పద్దెనిమిదోది. ఆఫ్రికాల వైశాల్యం ప్రకారం పెద్ద దేశాలు, అవరోహణ క్రమం… నువ్వు సూడాన్, అల్జీరియా, కాంగో అని పెట్టినవ్. వాళ్లు కీల అల్జీరియా, కాంగో, సూడాన్ ఇచ్చిన్రు.

…అవును. నేను చెప్పిందే.

…కోడ్ కూడ నేనే కట్టిచ్చిన. 'సుధ అన్నకు కాఫీ లేదన్నది.' సూడాన్, అల్జీరియా, కాంగో, లిబియా… గుర్తున్నది. తార్నాక మెట్రో కింద చాయ్ తాగుకుంట చెప్పిన. 'కాఫీ కాదన్నా, చాయ్ కూడ లేదు నీకు' అన్నవ్… గుర్తున్నది సుధా.

…ఏమన్నరు మీ రూములోళ్లు?… నోట్సే తప్పున్నదన్నరా… 'మా అన్న నోట్సు తప్పు కాదు' అన్నవా నువ్వు.

ఆ… వింటున్న. లైన్‌లనే ఉన్న.

అబ్జెక్షన్… ఈ రోజు అయిదింటి దాక. తెలుసు… ఆన్‌లైన్‌ల. ఆధారం జత చెయ్యాలె. పుస్తకం పేరు, పేజీ, ఫోటో… అది కూడ తెలుసు. ఇప్పుడు నాలుగూ పది.

…ఆ అట్లాసు ఉన్నది. నా చేతులనే ఉన్నది… అదే, నీలం అట్టది. అందుల చూసే నేను అప్పుడు రాసుకున్న.

ముప్పై ఆరో పేజీ. పట్టిక ఉన్నది… మొదటి స్థానంల సూడానే. ఇరవై అయిదు లక్షల చదరపు కిలోమీటర్లు. తర్వాత అల్జీరియా. తర్వాత కాంగో… ఆ. నువ్వు పెట్టినట్టే ఉన్నది.

…కీ తప్పని నేనన్ననా సుధా? పుస్తకంల ఏమున్నదో చదివిన, అంతే.

2008ది… ఆ, ముందు పేజీల పెద్దగ వేసిన్రు… ఆ పేజీ ఎందుకు పంపొద్దు?… సంవత్సరం కనపడొద్దా. ఒక్క ముప్పై ఆరో పేజీ మాత్రమే తియ్యాల్నా.

అంటే నీకు అనుమానం వచ్చింది.

…లేదు, అరుస్తలేను. నేనెక్కడ అరుస్తున్న.

సుధా, ఆగు. ఒక మాట విను… విను. నా చేతుల రెండు అట్లాసులున్నయి.

రెండోది 2019ది. కొత్తది… దీంట్ల సూడాన్ రెండు ముక్కలున్నది. పైన పసుపు రంగు, కింద గులాబి. కింద ముక్క మీద దక్షిణ సూడాన్ అని రాసి ఉన్నది. 2011 జులైల విడిపోయింది… ఆ. వేరే దేశమే. జెండా కూడ వేరే.

విడిపోయినంక సూడాన్ మూడో స్థానానికి పోయింది. అల్జీరియా పైకొచ్చింది… పెరగలే. అది ఎంతున్నదో అంతే ఉన్నది. సూడానే తగ్గింది.

…కీ కరెక్టే సుధా.

…

కీ కరెక్ట్. నా నోట్సు తప్పు.

నా నోట్సు 2010ది. గ్రూప్స్ కోసం రాసుకున్న. ఆ పరీక్షల నాకు ఇదే బిట్టు వచ్చింది… ఆ, ఇదే. సూడాన్ అని పెట్టిన. అప్పుడది రైటే. ఒక్క మార్కు మీద లిస్టుల ఎక్కిన. నీకెన్నోసార్లు చెప్పిన కద, నన్ను ఆఫ్రికా గట్టెక్కిచ్చింది అని. 2011 మార్చిల ఈ ఉద్యోగంల చేరిన. నోట్సు మూసి అటక మీద పెట్టిన. జులైల వాళ్లు విడిపోయిన్రు.

నీకు మళ్ల చెప్పేటప్పుడు అటక మీదికెల్లి దించి దుమ్ము దులిపిన… దుమ్ము ఒక్కటే దులిపిన.

…అడుగు.

…తెలువదా అంటే… తెలుసు.

ఎట్లంటే… మూడేండ్ల కింద ఒకాయన మెంబర్‌షిప్ కార్డు కోసం వచ్చిండు. పీహెచ్‌డీ. బాగ పొడుగు మనిషి. దేశం కాలమ్‌ల ఏం రాయాలె అని అడిగిన. సౌత్ సూడాన్ అన్నడు. నా చేత్తోనే రాసిన. ఉత్త సూడాన్ అని రాయబోతె, కాదు కాదని పక్కకొచ్చి నిలబడి రాయించిండు… ఆ, ఇప్పుడు కూడ రోజూ వస్తడు. గుడ్ మార్నింగ్ చెప్తడు. నేను కూడ చెప్త.

…అదే కద నేను కూడ అనుకుంటున్న పొద్దట్నుంచి. అది కార్డు. ఇది బిట్టు. రెండూ నా తలకాయల ఒక్క దగ్గరికి రాలే. దేశమని చదువుకోలే సుధా నేను, సమాధానమని చదువుకున్న.

…అను.

…ఆ, ఇన్ని పుస్తకాల నడుమ కూర్చుంట. నిజమే. ఈ 2019 అట్లాసుకు నంబరు వేసింది కూడ నేనే. వెనక స్టిక్కర్ అంటించిన. లోపల తెరువలే… ఇంకా అను. నాకేం అనిపిస్తలేదు. పొద్దున పది గంటలకు కీ చూసిన కాడికెల్లి ఏం అనిపిస్తలేదు. టిఫిన్ చేసిన, రెండు ర్యాకులు సర్దిన.

…పది గంటలకు.

…ఫోన్ చెయ్యలే. నువ్వు చేస్తవని చూసిన. ఏం చెప్పాల్నో తెలువలే.

లేదు… ఆ పేజీ పంపను.

సుధా, పంపను… వాళ్లు ఒప్పుకోరని కాదు. ఏమో, ఎవరన్న చూడక ఒప్పుకుంటరేమో కూడ. నాకు చేతులు వస్తలేవు… నువ్వు రేపు ఏడో తరగతికి ఇదే పాఠం చెప్పాలె. బోర్డు మీద ఏం రాస్తవ్?… బోర్డే లేదంటవా. ఆ. నిజమే. టెట్ లేకుంటె డీఎస్సీ ఫారమే తీసుకోరు. నెలాఖరుకు తేదీ అయిపోతది. తెలుసు… మళ్ల టెట్ వచ్చే దాక ఆగాలె. మళ్ల డీఎస్సీ ఎప్పుడేస్తరో. అది ఎవలకు తెలుసు.

…నాయినకా?… ఇంటికి ఫోన్ చెయ్యకు. సాయంత్రం నేను రామంతాపూర్ పోత. నేనే చెప్త… కాదు. 'పరీక్షల మర్చిపోయిన' అని నువ్వు చెప్పకు. నువ్వేం మర్చిపోలే. నేను చెప్పింది చెప్పినట్టు పెట్టినవ్.

…ఏమంటడో అననియ్. 'ఈ సత్తయ్య కొడుకు లైబ్రరీల పెద్ద సారు' అని బిల్డింగ్ సైట్ మీద అందరికీ చెప్పుకుంటడు కద. ఈ సంగతి కూడ వింటడు.

టైమా… నాలుగూ ఇరవై ఎనిమిది.

సుధా… ఒకటి చెప్పనా. మిగతా ఖండాలు కూడ చూస్త. ఇప్పుడే, ఇక్కడనే. నువ్వు నోట్సు తీసి పక్కన పెట్టుకో, ఏది తప్పున్నదో కొట్టేసుకుంట పో… వద్దనకు. ఇంకేం తప్పులున్నయో మనకు తెలువదు కద.

…తెచ్చుకున్నవా. సరే.

దక్షిణ అమెరికా. ఒకటి, బ్రెజిల్…

…ఆ, ఏ పుస్తకం అంటె… కొత్తదే… ఏ సంవత్సరం… 2019. చెప్పిన కద… ముందు పేజీ మళ్ల చూడాల్నా?… ఆగు… 2019… నలభై ఒకటో పేజీ… ఆ, ముద్రణ కూడ అదే సంవత్సరం.

బ్రెజిల్. రెండు, అర్జెంటీనా. మూడు, పెరూ. మన నోట్సుల కూడ ఇట్లనే ఉన్నది. టిక్కు పెట్టుకో… ఎందుకు పెట్టుకోవు?

…ఆ.

…ఆ, నేను చదివిందే నిన్న దాక రాసుకున్నవ్. నిజమే.

…అవునా. ఇక్కడికా. ఎప్పుడొస్తవ్?… రేపు పొద్దున్ననా. నువ్వే వచ్చి చూసుకుంటవా. కార్డు లేకుంటె లోపలికి రానియ్యరు, నా పేరు చెప్పు గేటు కాడ… చెప్పవా. విజిటర్ పాస్ తీసుకుంటవా.

సరే… ఆధార్ కార్డు జిరాక్స్ తెచ్చుకో. ఒక ఫోటో. గేటు పక్కన కిటికీల ఇస్తరు, పదిన్నర నుంచి… మూడో అంతస్తు. అట్లాసులు కుడి దిక్కు బీరువాల… తాళం వెయ్యను. తెరిచే ఉంచుత.

నేను కౌంటర్‌ల ఉంట… రాను. నీ దగ్గరికి రాను.

సుధా… అన్నం తిన్నవా?

హలో…

…

హలో?