దొరసామికి బదులు నేను

రా అబ్బా, ఆ పేపరు ఆడ పెట్టి కూసో. ఏమని రాసినాడు ఆయన, మన హాకీ జట్టుకు ఈసారి గట్టితనం లేదనా? ముందర ఆడేవోళ్ళు బాగుండారు, ఎనకాల నిలబడేవోళ్ళు లేరు, ఎవురినన్నా మార్చుకుంటే తప్ప కప్పు రాదు, అంతే గదా? ఈ మాట నేను పందొమ్మిది వందల నలభై అయిదులోనే ఇన్నాను, చిత్తూరులో, గ్రౌండు ఎదురుగా ఉండే కాఫీ హోటల్లో. ఆ, నవ్వు. ఆ దినం వాళ్ళు మార్చింది నన్నే గాబట్టి నాకు నవ్వు రాలేదు. అప్పుట్లో చిత్తూరు బెల్లం మండీవోళ్ళు ఒక హాకీ జట్టు పెట్టినారు. ఏదో సరదాకు గాదు, ఆడేవోడికి మండీలో పని ఇచ్చేది, కర్ర కొనిచ్చేది, ఆట ఉండే దినం మధ్యాన్నం సెట్టి ఇంట్లోనే అందరికీ బువ్వ. సెట్టి అంటే వెంకటముని సెట్టి, మండీలో పెద్దాయన. ఆటంటే పిచ్చి, కర్ర ఏ పక్క పట్టుకోవాల్నో మాత్రం తెలీదు. జట్టును నడిపించింది మునిరామయ్య అయివోరు. ఇస్కూల్లో డ్రిల్లు నేర్పించేవోడు. పొట్టిమనిషి, కాకీ నిక్కరు, మెడలో ఈల. మనతో మాట్లాడేటప్పుడు మన మొగం సూడడు, మన కాళ్ళు సూస్తాడు. ఎవుడు భయపడినాడో కాళ్ళే సెప్తాయంట. నేనీ పొద్దు ఇట్ల కూసోని నీకు ముచ్చట్లు సెప్తా ఉండానంటే ఆయన పున్నెమే.

నాకప్పుడు పందొమ్మిదేండ్లు. మా నాయన ఆ మండీలోనే మూటలు మోసి మోసి నడుం పడిపోయి, రెండేండ్లు మంచంలో ఉండి పొయినాడు. ఇంట్లో మాయమ్మ, ఇద్దరు సెల్లెండ్లు. భారతమ్మ పెద్దది, పంకజాక్షి సిన్నది. నేనూ మూటలే మోసేది. బెల్లం వచ్చే నాలుగైదు నెలలు పని, మిగతా దినాలు ఎవురు పిలస్తారా అని సూసేది. ఆట మాత్రం వచ్చు. ఎడమ పక్క గీత ఎంబడి బంతి తీసుకోని పోతే నన్ను పట్టేవోడు లేడు. అయితే నాలో ఒక లోపం ఉండాది. ఒక ఆటలో ఒకడు కర్రతో నా మోకాలి కింద కొట్టినాడు, పది దినాలు కుంటినాను. మూట ఎత్తలేకపోతే ఇంట్లో పొయ్యి ఎలగదు గదా. అప్పుటినుంచీ ఎవుడన్నా అడ్డం వస్తే కాలు దానంతట అదే ఎనక్కి వచ్చేసేది. నాకే తెలిసేది గాదు. జనానికీ తెలీదు, వాళ్ళకు నా పరుగే కనపడేది. అయివోరికి తెలుసు.

ఆ ఏడు కప్పులో రేణిగుంట రైలోళ్ళ మీద మూడు గోల్సుతో ఓడిపోతిమి. మన్నాడు హోటల్లో పంచాయితీ. సెట్టి నడాన, సుట్టూ మండీవోళ్ళు, ఆటగాళ్ళు గోడ పక్కన. ఒకాయన, “మనోళ్ళు ఎనకాల పెరుగు మాదిరి ఉండారప్పా, ఏలు పెడితే ఏలు దిగిపోతా ఉండాది,” అంటాడు. ఇంకొకాయన, ముందర ఇంకో ఇద్దరిని తెస్తే సాలు, గోలు కొట్టేవోడుంటే ఎనకాల ఎవురుంటే ఏమి అని వాదం. సెట్టి కాఫీ లోటా కింద పెట్టి, “నాకు గట్టోడు కావాల. ఎదుటోడు వస్తా ఉంటే జరిగేవోడొద్దు,” అనేసినాడు. గట్టోడంటే ఆ పొద్దు జిల్లాలో ఒక్కడే, రైలోళ్ళ జట్టులో ఎనకాల నిలబడే బ్యాకు దొరసామి. ఇంజన్లో బొగ్గు ఏసేవోడు. తొడలు సూస్తే సెరుకు గానుగ మొద్దులే. సరిగ్గా అప్పుడే గుడిపాల తావ ఉండే ఆయన మామ సచ్చిపోయినాడు. పెండ్లాం తరపు భూమి సూసుకోను దొరసామి ఉద్యోగం ఇడిసిపెట్టి చిత్తూరు పక్కకు రావాలని ఉండినాడు. అయితే రైలు జట్టు పెద్ద ఓబయ్య ఊరికే పంపిస్తాడా? బ్యాకును ఇస్తాము, మాకొక ఫార్వర్డును ఇయ్యండి అన్నాడంట. ఆయన అడిగింది మా తిరుమలయ్యను. జట్టుకంతా పెద్ద ఆటగాడు, నడాన నిలబడి గోలు కొట్టేది ఆయనే. అయివోరు రెండు దినాలు రేణిగుంటలో ఉండి వచ్చి, తిరుమలయ్య పోడు, చెంగల్రాయుడు పోతాడు అని సెప్పినాడు. చెంగల్రాయుడంటే నేనే. మూటలు దించే సోట అయివోరు నన్ను పక్కకు పిలిసి, యథాప్రకారం నా కాళ్ళకల్లా సూస్తా, “నీకు బంతి భయం లేదురా చెంగా, దెబ్బ భయం ఉండాది. ఈడుంటే అది పోదు. రేపు పొద్దున బండికి పో,” అన్నాడు. పశువును మార్చుకున్నట్ల మార్చేసినాడే అనుకున్నాను. మాయమ్మ ఏడ్సింది. ఊర్లో కూడా, కన్నబిడ్డ మాదిరి ఉండేవోణ్ణి అమ్మేసినాడీ అయివోరు అని అనుకున్నారు.

రేణిగుంటలో ఇంజన్ల షెడ్డులో నన్ను పన్లోకి తీసుకున్నారు. ఇంజను కడిగేది, మసి గోకేది, బూడిద ఎత్తేది. ఒళ్ళంతా నలుపు, రాత్రి పండుకుంటే దిండు కూడా నలుపే. అయినా నెల తిరిగేసరికి జీతం, ఏడాదంతా పని. ఆరు నెలలకు మాయమ్మనూ సెల్లెండ్లనూ పిలిపించుకున్నాను. షెడ్డు ఎనకాల ఒక గది. పంకజాక్షి ఇస్కూలికి పోబట్టింది. మాయమ్మ రెండు పూటలా సంగటి గెలికేది. ఇంత బాగైనా నాకు అయివోరి మీద కోపం పోలేదు సూడు, మడిసి బుద్ధి అట్లుంటాది. ఆటలో ఓబయ్య నన్ను రుబ్బేసినాడు. ఆయన మేస్త్రీ, పెద్ద మీసాలు, మాట తక్కువ. రోజూ సాయంత్రం ఇద్దరు బ్యాకుల్ని నా ముందర నిలబెట్టి వాళ్ళ మీదికి పొమ్మనేవోడు. పడి లేసి, పడి లేసి, పిక్కల నిండా మచ్చలే. ఒక్క మాట మాత్రం నా మనసులో ఉండిపోయింది. ఏదో ఒక దినం చిత్తూరు గ్రౌండులో ఆ అయివోరి కండ్ల ముందర గోలు కొట్టాల.

ఆ దినం రానే వచ్చింది. నలభై ఏడు, మాసి నెల, శివరాత్రి దగ్గర దినాలు, కప్పుకు ఆఖరి ఆట. మండీవోళ్ళూ మేమూ. పొద్దున్నే బండెక్కినాము. చంద్రగిరి దాటినాక నేను పక్కనుండేవోళ్ళతో పెద్దగా అంటా ఉండినాను, నన్ను పనికిరాడని తోసేసినోడి మొగాన ఈ పొద్దు కొడతా సూడండి అని. పాకాల వచ్చేదాకా ఓబయ్య ఊరికే ఇన్నాడు. అంతలో వచ్చి నా ఎదురుగా కూసోని మెల్లిగా సెప్పినాడు. “నేను అడిగింది నిన్ను గాదు. తిరుమలయ్యను అడిగినాను. మీ అయివోరు రెండు దినాలు నా ఇంటి తిన్నె మీద కూసున్నాడు. తిరుమలయ్యకు మామిడి తోపు ఉండాది, వాడికేం తక్కువ లేదు; ఈ పిల్లోడికి నాయన లేడు, వాడూ మూట కిందే పోతాడు, వాణ్ణి తీసుకో, దొరసామి జాగాలో కాయంగా ఉద్యోగం ఇప్పిస్తేనే ఈ మార్పిడి, లేకుంటే మాకు దొరసామి వొద్దు అన్నాడు. ఆ మాట నీకు సెప్పొద్దని కూడా అన్నాడు. నువ్వు ఇట్ల మాట్లాడతా ఉంటే నేను ఎట్ల గమ్మునుండేది?” అబ్బా, ఆ బండి చిత్తూరికి ఎప్పుడు పొయ్యిందో నాకు తెలీదు. తలకాయ ఎత్తలేకపోయినాను.

దిగి నేరుగా ఆయన ఇంటికి పోతిని. ఆయన భార్య ఆనందమ్మ నన్ను సూసి, ఎంత గట్టిపడినావురా అని సంబరంగా మజ్జిగ ఇచ్చింది. గ్రౌండు కాడుండాడని ఆమే సెప్పింది. మాటల్లోనే ఇంకొకటి కూడా సెప్పింది, ఈసారి కప్పు రాకపోతే జట్టును ఇంకొకరి సేతికి ఇస్తానని సెట్టి అన్నాడంట. ఆమెకు అదేమీ పెద్దగా ఇచారం లేదు, ఆయనకే, ఇస్కూలు ఇడిసినాక ఆ జట్టు తప్ప వేరే లోకం లేదు గదా అనింది. పిల్లల్లేరు వాళ్ళకు. నేను పోయేసరికి ఆయన ఒక్కడే వొంగి సున్నం గీతలు పోస్తా ఉండాడు. నేను పోయి కాళ్ళకు మొక్కబోతే, గీత తొక్కొద్దు, పక్కకు రా అన్నాడు. నేను ఏడ్సినాను. ఓబయ్య సెప్పేసినాడా అన్నాడు. నేనన్నాను, “మీ మీద నేను ఎట్ల ఆడేది అయివోరా? నేను గోలు కొడితే జట్టు మీ సేతిలోనుంచి పోతాది.” ఆయన ఆ గీత కొస దాకా సున్నం పోసి, తట్ట కింద పెట్టి, ఆ పొద్దు మొదటిసారి నా మొగంలోకి సూసినాడు. “నువ్వు ఈ దినం కాలు ఎనక్కి తీస్తే, నిన్ను నేను పంపింది తప్పయిపోతాది. జట్టు పోతే పోనీ. నన్ను తప్పు సెయ్యనీవద్దు,” అన్నాడు. మళ్ళా తట్ట ఎత్తుకోని ఇంకో గీతకు పొయినాడు.

ఆట సంగతి ఎంత సెప్పినా సాలదు. జనం గోడలెక్కి సూసినారు. మొదట తిరుమలయ్య ఒకటి కొట్టినాడు. హాఫ్‌టైము అయినాక మావోడు ఒకటి, దొరసామి లేని పక్కనుంచి. ఇంక అయిదు నిమిషాలుందనంగా కుడి పక్కనుంచి బంతి నాకు వచ్చింది. గీత ఎంబడి లాక్కోని గోలు తావకు తిరిగినాను. ఎదురుగా దొరసామి. నాకు బదులు వచ్చినోడు. రెండేండ్లుగా ఆయన్ను దాటి బంతి పోవడం చిత్తూరు సూడలేదు. కర్ర ఆనించి నేలబారున వస్తా ఉండాడు. కాలు తీస్తే నేను బతుకుతాను, బంతి పోతాది. తీస్తే ఎవురూ నన్నేమీ అనరు కూడా. తియ్యలేదు అబ్బా. బంతి కొట్టిందీ, ఆయన కర్ర నా మోకాలి కింద తగిలిందీ ఒకటే తూరి. టప్‌మనింది. బంతి లోపలికి పొయ్యింది నేను సూడలేదు, అరుపులు ఇని తెలుసుకున్నాను. దొరసామి పాపం కర్ర పారేసి, “తంబీ, తంబీ,” అంటా నా తలకాయ ఒళ్ళో పెట్టుకున్నాడు. కావాలని కొట్టింది గాదు, ఆట అది. అప్పుడు మండీవోళ్ళందరూ ఉన్న పక్కనుంచి గ్రౌండుకు అడ్డంగా నడుసుకుంటా వచ్చినాడు అయివోరు. ఎత్తబోతా ఉంటే ఆపి, మూలన నాటిన జెండా కర్ర పీకించి నా కాలికి ఆనించి తన తువ్వాలతో కట్టినాడు. కట్టడం అయినాక, నా పాదం మీద సెయ్యి పెట్టి అట్లే కూసున్నాడు రవంతసేపు.

సెట్టి అన్నంత పనీ సేసినాడు. సెడ్డోడు గాదు, మాట మీద నిలిసేవోడు, అంతే. కొత్తాయన్ని తెచ్చినారు. నాలుగు నెలలు కట్టుతో ఉండినాను, షెడ్డులో నా పని పోలేదు, ఓబయ్య సూసుకున్నాడు. కప్పు మా ఆఫీసు గదిలో చానా కాలం ఉండింది. అదే ఉద్యోగంలో నేను డ్రైవరు దాకా పొయినాను. భారతమ్మ పెండ్లి సేసినాను, పంకజాక్షి సదివి టీచరమ్మ అయ్యింది, పింఛను కూడా తీసుకుంటా ఉండాది ఇప్పుడు. ఇదంతా ఎవురిదని నాకు తెలుసు. పండక్కు అయివోరికి ఒక పంచె తీసుకోని పోతే, ఇది మీ నాయన ఉంటే నువ్వు ఎవురికి ఇచ్చేదో వాళ్ళకియ్యి అని తిప్పి పంపినాడు. అంటే ఎవురికి ఇచ్చేది? మా నాయన ఉండింటే ఆయనకే గదా నేను ఇచ్చేది, ఆయన లేనప్పుడు నాకు నాయన అయివోరే గదా. అప్పుడు తట్టలేదు ఆ జవాబు, దారిలో తట్టింది.

నలభై తొమ్మిదిలో ఆయనకు కామెర్లు వచ్చి ముదిరిపోయినాయి. కబురు తెలిసి లీవు పెట్టి పోయినాను. ఎండిపోయినాడు, కండ్లు పసుపు. ఆనందమ్మ దిండ్లు పెట్టి కూసోబెట్టింది. నేను దారి పొడుగునా ఒక మాట కూడబెట్టుకోని పోయినాను. మీరు సేసింది నేను మరిసిపోలేదు, మా ఇంట్లో పొయ్యి ఎలిగినప్పుడల్లా మిమ్మల్ని తలుసుకుంటాము అని సెప్పాలని. నోరు తెరిస్తే ఆయన, మీ జట్టు ఈ ఏడు ఎట్లుండాది అన్నాడు. సెప్పినాను. ముందర బాగుండాది, ఎనకాల పలసగుండాది అన్నాను. “గూడూరులో ఒక పిల్లోడుండాడు, బ్యాకు. మీ ఓబయ్యను అడగమను. బదులు మాత్రం సిన్నోణ్ణి పంపొద్దను, వాడి ఉద్యోగం పోతాది, ఇల్లు ఉండేవోణ్ణి పంపమను,” అని ఇంకా ఏదేదో, ఎవుణ్ణి యాడ నిలబెట్టాల, ఎవుడు దెబ్బకు నిలుస్తాడు, ఎవుడు నిలవడు, అంతా సెప్తానే ఉండాడు. అయివోరా, నేనొక మాట సెప్పాల అన్నాను. కుడి పక్క ఆడేవోడి గురించా అన్నాడు. అవునన్నాను. ఏం సేస్తాను? ఆయన మొగంలో అంత ఎలుగుండాది. సాయంత్రం బండి దాకా ఆ కుడి పక్క గురించే మాట్లాడుకున్నాము. పది దినాలకు పొయినాడని తెలిసింది. అప్పుడు నేను ఇంజను మీదుండాను, కాళహస్తి అవతల. దిగి రాను లేకపోయింది. ఆ మాట ఇంకా నాతోనే ఉండాది.

ఆ ఎండ నీ మీదికి వచ్చేసింది సూడు. బల్ల రవంత ఈ పక్కకు లాక్కో.