పూలి చెప్పాల్సిన భాగం

దుమ్ముగూడెం సంతలో పరుపులు కుట్టే దస్తగిరి నోరు తెరిచాడంటే వినేవాళ్ల చేతిలో చాయ్ చల్లారాల్సిందే. ఆ రోజు ఆ నోరు తెరిపించిన పుణ్యం వెంకటప్పయ్యది. మిరపతోటకు మందు కొనడానికి వచ్చిన ఆ పెద్దరైతు, హైమ చాయ్ బండి దగ్గర గ్లాసు అందుకుంటూ ఊరికే ఓ మాటన్నాడు.

"మా మనవరాలు ఫోన్లో ఏవో కథలు రాస్తోందయ్యా. మన చిన్నప్పుడు పిల్లల పత్రికలో 'ఏడు పడవల రాజ్యం' అని సీరియల్ వచ్చేది చూడు, దానికి తరవాయి భాగాలట. ఎక్కడెక్కడి పిల్లలూ రాస్తున్నారట."

"ఇప్పుడు రాస్తున్నరా? నేను ఎప్పుడో చెప్పిన!" దస్తగిరి బెంచీ మీద కాళ్లు మడిచి కూర్చున్నాడు. "మా నాయన గీ సంతలనే పుట్నాలు అమ్మేటోడు గదా, పొట్లాలకు పాత పత్రికలు తెచ్చేటోడు. సగం కథ పొట్లాలల్ల పోయేది, సగం నాకు దొరికేది. పోయిన సగం నేనే అల్లి చెప్పేటోణ్ని. మొదాలు నలుగురు పిల్లలు విన్నరు. పై సంతకు నలభై మంది. ఆ పై సంతకు బడి పంతులే వచ్చి ముందల కూసున్నడు, పలక పట్టుకొని."

"పంతులుకు పలకెందుకు మామా?" అంది హైమ.

"మర్శిపోతనేమో అని రాసుకుంటుండె! ఆ తర్వాత ఏమైందో తెలుసా? గోదాట్ల లాంచీ పోతున్నది. డ్రైవర్ నా గొంతు విని ఇంజన్ బంద్ చేసిండు. లాంచీ ఆగిందని గోదారి గూడ ఆగింది. కింద భద్రాచలంల స్నానాలకు దిగినోళ్లు ఉత్త ఇసుకల నిలవడ్డరు, ఒంటి నిండ సబ్బు!"

"మరి పైనుంచి వచ్చే నీళ్లో?" వెంకటప్పయ్య వదల్లేదు.

"వరుసల నిలవడ్డయి, రేషన్ దుకాణం కాడ నిలవడ్డట్టు. ఇంతల అడవిలకెళ్లి పులి వచ్చింది. ఎవ్వర్ని ఏమనలే. ఆడోళ్ల దిక్కు కూసుండవోయి, మళ్ల సిగ్గువడి మొగోళ్ల దిక్కు వచ్చింది. మర్యాద తెలిసిన పులి."

హైమ నవ్వు ఆపుకోలేక గిన్నె పక్కన పెట్టింది. దస్తగిరి నవ్వలేదు. గొంతు ఇంకాస్త పెంచి, ఓరకంట అవతల వరుసకేసి చూశాడు. అడవి ఊళ్ల వాళ్లు అడ్డాకు విస్తర్లూ చింతపండూ పెట్టుకుని కూర్చునే వరుస అది.

నిజానికి ఆ కథ విన్నది నలుగురు కూడా కాదు, ఒక్కతే. పేరు పూలి. వాళ్లమ్మతో విస్తర్లు అమ్మడానికి వచ్చేది. పొట్లాలు పోయి ప్లాస్టిక్ కవర్లు వచ్చాక ఇద్దరికీ సీరియల్ తెగిపోయింది. తెగితే ఊరుకుంటారా? ఒక సంతకు ఇతను చెప్పాలి, పై సంతకు ఆమె. ఒకసారి దస్తగిరి రాకుమారిని సుడిగుండంలో పడేసి, రాకుమారుణ్ని ఒడ్డున నిలబెట్టి, "ఇగ నువ్వు చెప్పు" అని లేచిపోయాడు. పై సంతకు పూలి రాలేదు. ఆ పై సంతకూ రాలేదు. ఆ కుటుంబం గోదావరి దాటి ఎటో వెళ్లిపోయిందన్నారు.

పూలికి కథలో తప్పు దొర్లితే ఒళ్లు మండేది. నల్లగుర్రాన్ని తెల్లదంటే చాలు, లేచి వచ్చి నోరు మూసేది. అందుకే ఇన్నేళ్లుగా దస్తగిరి సంతనాడు గొంతెత్తి, ఆ కథను ఎంత వంకరగా చెప్పొచ్చో అంత వంకరగా చెబుతున్నాడు, ఓర్చుకోలేక ఎవరైనా లేచి రాకపోతారా అని. కోతలరాయుడన్నారు. అననీ అనుకున్నాడు.

"ఇగ రాకుమారుడు!" అని అరిచాడిప్పుడు. "సుడిగుండం చూసిండు. గోదారిని కొస పట్టుకొని చాప చుట్టినట్టు చుట్టిండు. రాకుమారిని ఎత్తుకుండు, ఆ చుట్టను తీస్కపోయి మణుగూరు బొగ్గుబాయిల దాచిండు."

"అందుకేనా మా చేనుకు నీళ్లు రానిది!" అన్నాడు వెంకటప్పయ్య.

"అబద్ధం."

అన్నది వెంకటప్పయ్య కాదు. విస్తర్ల కట్ట నెత్తిన పెట్టుకుని నడీడు మనిషి ఒకామె బండి ముందు నిలబడి ఉంది. "రాకుమారుడు ఏం చెయ్యలే. ఒడ్డు మీద నిలవడి ఏడ్శిండు. గంతే."

బెంచీ మీద వాళ్లంతా గొల్లున నవ్వారు. దస్తగిరి ఆమె వైపు తిరిగాడు.

"నీకెవరు చెప్పిన్రు?"

"మా అమ్మ. పూలి."

అతను ఆమె వెనక చూశాడు. వరుసంతా చూశాడు.

"అమ్మ లేదు," అందామె. "పోయినేడు వానలల్ల కాలం చేసింది. ఆమె చెప్పిన ముచ్చటను నువ్వు పాడు చేస్తుంటే వినబుద్ధి గాలే."

దస్తగిరి ఓ పక్కకు జరిగి, భుజం మీది తువ్వాలతో బెంచీ తుడిచాడు. "కూసో బిడ్డా. పూలి ఎట్ల చెప్పింది?"

ఆమె కట్ట దించి కూర్చుంది. "రాకుమారి ఎవ్వర్ని పిలువలే. సుడి ఎటు తిప్పితే అటు తిరిగింది. ఆఖరికి సుడే అలిసిపోయి ఇడిశిపెట్టింది. ఈదుకుంట అవతలి ఒడ్డుకు పోయింది."

"ఇటు రాలేదా?"

"ఇటు రావాల్నంటే మళ్ల సుడి దాటాలె గద. అక్కడనే కూసున్నది ఎంటికలు ఆరవోసుకుంట. ఆ పిలగాడు ఏడుపు ఆపి తల ఎత్తితే కనవడ్తనేమో అని, మా అమ్మ చెప్పినన్ని దినాలు ఆమె ఇటే చూస్తుండె."