జావాతోనే మొదలుపెడదామన్నది సింధే

మహబూబాబాద్ బస్టాండులో జనగామ బస్సు కోసం నిలబడ్డ సింధును కల్యాణి పట్టుకుంది. డిగ్రీ మొదలైన నాటి నుంచి ఇద్దరూ ల్యాబ్‌లో ఒకే కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్లు. సింధు తన దగ్గర ఏదీ దాచదని కల్యాణి ఇన్నాళ్లూ గుడ్డిగా నమ్మింది.

“చెప్పకుంటనే పోతున్నవా?”

“ఫోన్ చేద్దామనుకున్న.”

“ఎప్పుడు? జనగామల దిగినంకనా?”

“గట్ల కాదే. తొందరల...”

“మన ల్యాబ్ సదానందం సార్ చెప్పిండు. నిన్ను జనగామల కంప్యూటర్ ఆఫీసోళ్లు నౌకరికి తీసుకున్నరట. పరీక్షల పైథాన్ ప్రోగ్రాం మంచిగ చేసిందన్నడు.”

“ఏదో, జరంత వచ్చు.”

“ఆ జరంత ఎప్పుడు నేర్చుకున్నవ్?”

“సెలవులల్ల. మా మామోళ్లింటికి పోయిన గదా, ఆడ నిఖిల్ బావ...”

“పెండ్లికి పోతున్న అంటివి.”

“పెండ్లి గూడ ఉండె.”

“సింధూ, మొట్టమొదలు పైథాన్ నేర్చుకుందామన్నది ఎవరు?”

“గదంతా ఇప్పుడెందుకు?”

“ఎవరు?”

“నువ్వే.”

“మరి నువ్వేమన్నవ్? పైథాన్ చిన్నపిల్లల ఆట, జావా వస్తేనే నౌకరి అన్నవ్. ఇద్దరం ఒక్కటే నేర్చుకోవాలె, లేకుంటే ఒక్క సిస్టం మీద ఎట్ల కుదుర్తది అన్నవ్. సరే అన్న. మా తండాల కంప్యూటర్ యాడిది? కాయితం మీద రాసుకుంట నేర్చుకున్న.”

“జావా ఏం వేస్ట్ కాదు. దానికి గూడ నౌకర్లున్నయి.”

“యాడున్నయి? ఈ ఏడు ఏం దొరకకుంటే మిర్చి ఏరవోవుడే అని మా బాపు అన్నడు. నీకు ఎరికే.”

“ఎరికే.”

“ఎరికుండే దాచినవ్.”

“ఆఫీసుల ఒక్కటే సీటుండె కల్యాణీ. నన్నేం చెయ్యమంటవ్?”

“ఒక్కటే ఉంటే... ఒక్కటే ఉంటే ఎవలైనా గట్లనే చేస్తరు. నాకు కడుపు మండుతున్నది, లేదనను. అయినా పో, మంచిగుండు. ముందుగాల గా ఫోన్ ఎత్తు, ఎంతసేపు మోగుతది?”

“తర్వాత మాట్లాడుత.”

“అక్షయ పేరు కనవడుతున్నది. మన క్లాసు అక్షయేనా? నీకు ఆమె ఎందుకు చేస్తున్నది?”

“బస్సు వచ్చినట్టుంది, జర జరుగు...”

“సింధూ.”

“తొర్రూర్ల ఎక్కుతదట. సీటు ఆపమంటది.”

“యాడికి పోతున్నది?”

“ఆఫీసుకే.”

“ఒక్కటే సీటంటివి.”

“రెండుండె. ఇద్దరిద్దరు కలిసి పని చెయ్యాలె, నీ జోడి ఎవరో నువ్వే చెప్పు అన్నరు.”

“అక్షయకు పైథాన్ వచ్చునా?”

“రాదు.”

“జావా?”

“ఏదీ రాదు. జోడీకి ముందుగాల ఏం రాకున్నా నడుస్తదన్నరు, వాళ్లే నేర్పుతరట. నా పక్కన ఏం రాని మనిషే ఉండాలని ఆమె పేరు చెప్పిన.”