మొదటి గడి

మతిమరుపు జబ్బు మీద ముందుగా ఏ పరిశోధనలు జరగాలో తేల్చడానికి పలు దేశాల వైద్యులు నింపే కాగితం బల్ల మీద ఉంది. నలభై ఏళ్లు మెదడు వైద్యం చేసిన తండ్రి పెన్సిలు పట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా కూతురు ఉంది.

“పన్నెండు ప్రశ్నలు నాన్నా. అన్నిటికంటే ముఖ్యమైనదానికి ఒకటి వెయ్యండి, తర్వాతదానికి రెండు.”

“నాకే నేర్పుతున్నావా? ఈ పద్ధతి పెట్టిందే నేను. ఇదిగో, జబ్బు రాకుండా ఆపడం. ఒకటి.”

“మందు కనిపెట్టడానికి కూడా ఒకటే వేశారు.”

“ఎవరు వేశారు?”

“మీరే. రోగిని చూసుకునే ఇంటివాళ్ల గురించి ఉన్న ప్రశ్నకీ ఒకటే.”

“రబ్బరు ఇటివ్వు. పరీక్ష హాల్లో మేష్టారిలా నా నెత్తిన కూర్చుంటే ఎలా? ఇంతకీ ఎక్కడున్నాం?”

“ఆరోసారి మళ్లీ మొదటికొచ్చాం. పోనీ, ఈసారికి నావల్ల కాదని మీరు రాసేస్తే?”

“ముప్పై దేశాలవాళ్లు నా అంకెల కోసం చూస్తున్నారే! సాయంత్రానికి పంపాలి. నా దగ్గర నువ్వేదో దాస్తున్నావు.”

“దాచట్లేదు. పైన మొదటి గడి ఖాళీగా ఉంది, చూడండి.”

“‘ఈ జబ్బు మీకు గానీ, మీ ఇంట్లో మరెవరికైనా గానీ ఉందా?’ లేదు. మన వంశంలోనే లేదు. అలాగే రాసేయ్.”

“అలా రాయలేను నాన్నా.”

“ఎందుకని?”

“మనింట్లో ఉంది.”

ఆయన పెన్సిలు కింద పెట్టి, కూతురి చెయ్యి పట్టుకున్నాడు.

“అయ్యో, నాకు చెప్పనే లేదేం తల్లీ? ఎవరికి?”