పసుపు పూసిన సర్వే గుంజ

"మామ్మా, మన తోటలోంచి రైలు పోద్దన్నారు కదా, అదేమైంది?"

ఏటయిందా? సెప్తే నవ్వుతావు గుంటా. ఆ ఫోను ఆన్ సేసినావా? అలా పీట మీద పెట్టు, సెట్నీలో పడిపోగలదు. పోర్ట్‌బ్లెయిర్ అబర్డీన్ బజార్ నుంచి బస్సులో ఊగుకుంటా వొచ్చినావు, ముందు ఇడ్లీ తిను. తింటా విను.

నాను రైలెక్కింది ఒక్కసారే. పెళ్ళయిన కొత్తలో పలాసలో ఎక్కి విశాపట్నంలో దిగినాం, అక్కణ్ణించి ఈ అండమాన్‌కి షిప్పు. బంక్ క్లాసు టికెట్టుకని మీ తాత నా ఎండి పట్టీలు అమ్మీసినాడు. మా యమ్మ పెట్టిన పట్టీలవి, ఎంత బరువుండీవో... సర్లే, ఆ గొడవ ఇప్పుడెందుకు. ఏటి సెప్తన్నాను? ఆ, రైలు. మీ సిన్నతాత ఉన్నాడు కదా, సింహాచలం, నా మరిది, ఆడైతే ఈ దీవిలోనే పుట్టినాడు. రైలుని సినిమాలో తప్ప సూడలేదు. సూడనోడికే మోజెక్కువ, తెలుసు కదా నీకు.

ఓ రోజు సర్వేవోళ్ళు జీపులో దిగినారు. మూడు కాళ్ళ యంత్రం పెట్టి, ఓ కన్ను మూసి సూసి, మన తోటలో ఎర్ర రంగేసిన గుంజ ఒకటి పాతినారు. బుల్లెట్టులాగ దౌడు తీసే రైలంట. పోర్ట్‌బ్లెయిర్లో ఎక్కితే కునుకు పట్టేలోపు ఆ కొసనున్న దిగ్లీపూర్ అంట. అంత దౌడు తీస్తే ఎక్కడాపుతారు బాబూ, బ్రేకు పడేలోపు దీవి అయిపోయి బర్మాలో తేల్తాం కదా, అని అడిగినాను. ఆ ఇంజనీరు భయ్యా నవ్వలేదు. ఇదంతా పైనోళ్ళ ఫైసలా మాతాజీ, అన్నాడు.

పైనోళ్ళ ఫైసలా ఏటో నాకు తెలీదా? మొదట ఆ లైను కొండకి అవతల పక్క గీసినారు. గుంజలు కూడా పాతీసినారు. అక్కడ ఒక పెద్ద లీడరుకి సముద్రం ఒడ్డున రిసార్టుంది. రైలు కూతకి టూరిస్టుల నిద్ర సెడిపోద్దని లైనుని ఇటు తోసీసినాడు. ఇటేమో మన పంచాయతీ ప్రధాన్‌కి రాళ్ళ క్వారీ. పట్టాల కింద కంకర తనదే కదా, అందుకని రా రమ్మని పిల్సినాడు. ఆళ్ళిద్దరూ ఖుషీ. మద్దిన ఉన్నోళ్ళని ఎవుడూ అడగలేదు. ఇంకా పైకెల్తే ఆ అడవి మనుషులున్నారు, ఆళ్ళని అడగడానికైతే ఏ లీడరుకీ దారే తెలీలేదు.

మీ సిన్నతాతకి మాత్రం ఆ గుంజ సూసేసరికి మతి పోయింది. రోడ్డు మీద ఆడి టీ కొట్టుకి స్టేషన్ టీ స్టాల్ అని బోర్డు రాయించినాడు. సెట్టుకింత అని డబ్బులిస్తారంట వదినా అని, పశువుల శాలలో కూడా పోక మొక్కలు నాటీసినాడు. రైలు కావాలి అని ఒక కమిటీ, దానికో బేనరు. అది సాలదన్నట్టు మంచి రోజు సూసి ఆ గుంజకి పూజ. పెళ్ళిరాటకి సేసినట్టే, పసుపు రాసి, బొట్లు పెట్టి, మావిడాకులు కట్టి, మొదట్లో నవధాన్యాలు పోసి కొబ్బరికాయ కొట్టినారు. నాను కూడా పాడినాన్లే. పూలమణి కూడా వొచ్చింది, కింద రాంచీ బస్తీలో ఉంటాది, రాంచీ నుంచి కూలికొచ్చినోళ్ళ బస్తీ అది. మీ నాన్న పుట్టినప్పుడు నాకు పురుడు పోసింది ఆవిడే.

తరవాత ఆఫీసు నుంచి ఒక బాబు వొచ్చి అసలు కబురు సెప్పినాడు. పరిహారం పట్టా ఉన్నోళ్ళకేనంట. మనవన్నీ సర్కారు జాగాలో ఏసుకున్న తోటలు కదా, మనకి వొచ్చీది ఖాళీ సెయ్యమని నోటీసే. కొరివితో తల గోక్కున్నట్టయింది. ఇప్పుడు నవ్వుతా సెప్తన్నాను గాని, ఆ రోజు తోటంతా తిరిగి సెట్లు లెక్కెట్టుకున్నాను. మీ తాత మోసుకొచ్చి నాటిన కొబ్బరి సెట్లు, ఈ ఇల్లు, అన్నీ ఒదిలీసి ఈ వయసులో ఎక్కడికెల్తాను? పోర్ట్‌బ్లెయిర్లో డైరీ ఫార్మ్ పేట‌లో మీ రెండు గదుల్లో మీకే సోటు లేదు, నా కోళ్ళెక్కడుంటాయి?

సాయంత్రానికి కమిటీ మారిపోయింది. మనుషులు ఆళ్ళే, కుర్చీలు అవే. కొత్త గుడ్డ ఎందుకని పాత బేనరే తిరగేసి ఎనకాల రైలు వద్దు అని రాసినారు. ఎండ పడితే లోపలున్న 'కావాలి' బయటికి కనపడతాది. ధర్నాకొచ్చిన ఆఫీసరు, ఏ పక్క సదవమంటారు అని అడిగినాడంట.

సరే, ముందా గుంజ పీకీద్దాం అని మనోళ్ళు గునపాలు తెచ్చినారు. మీ సిన్నతాతే అడ్డం పడినాడు. పూజ సేసిన రాటని పీకితే ఇంటికి అరిష్టం అని. నిజమే కదా, ఎవుడు ముట్టుకుంటాడు? పక్క ఊళ్ళోవోళ్ళు ఆళ్ళ గుంజలు పీకి క్రీకులో, ఆ ఉప్పునీటి కాలవలో పారీసినారు, మనది మాత్రం పెళ్ళికొడుకులాగ నిలబడింది.

అప్పుడు నాననుకున్నాను, పీకలేకపోతే ఇంకా మొక్కుదాం, అని. నా పాత ఎర్రసీర సింపి కట్టినాను. మంగళారం మంగళారం దీపం. రైలమ్మ తల్లి అని పేరెట్టినాం. సింహాచలం రేకుల పందిరేసినాడు. ప్రధాన్ వొచ్చి దండం పెట్టుకుని, హుండీ ఎక్కడ అన్నాడు. ఆడి బుద్ధి ఆడిది.

మళ్ళీ జీపొచ్చింది. ఇంజనీరు భయ్యా బూట్లిప్పి నిలబడినాడు. గుంజ ఆడిదే, ఆడే ముట్టుకోడు. ఇక్కడ మందిర్ ఉంది సార్ అని ఆఫీసుకి ఫోన్ సేసినాడు. బస్, లైను పక్కకి జరిగింది. సింహాచలం బూందీ పంచినాడు. నాను కూడా తిన్నాను.

జరిగి ఎక్కడికెల్తాది? పైకెల్తే క్వారీ, కొండ దాటితే రిసార్టు. కిందికి దిగింది, రాంచీ బస్తీ మీదికి. ఆళ్ళకి కమిటీ లేదు, బేనరు లేదు, పట్టా అసలే లేదు. పూలమణి గుమ్మం ముందు గుంజ పడింది. ఆవిడొచ్చి ఇదిగో ఇక్కడే కూకుంది. ఏడవలేదు, తిట్టలేదు.

"దీదీ, మీ మాతా మా ఇల్లు సూపించీసింది."

అంతే అంది. మిగిలిన బూందీ కోళ్ళకి ఏసీసినాను గుంటా.

తెల్లారగానే పసుపు డబ్బా, కుంకం, ఎర్రగుడ్డ పట్టుకుని కిందికి దిగినాను. వదినా, ఆగు, లైను మళ్ళీ మన మీదికొస్తాది, అని సింహాచలం ఎనకాల అరుస్తానే ఉన్నాడు. రానీ, అన్నాను. ఆ బస్తీలో ఉన్న గుంజలన్నిటికీ పసుపు రాసినాను. పూలమణి సర్చికెల్లే మనిషి. అయినా పసుపు గిన్నె పట్టుకుని నా ఎనకాలే నడిసింది, మద్దిమద్దిన సిలువ గుర్తేసుకుంటా.

మొన్న జీపొచ్చి సూసింది. తోట నుంచి క్రీకు దాకా అన్నీ అమ్మవార్లే. ఎవురి మీదికి తోస్తారింక? తిరిగెల్లిపోయింది. మళ్ళీ వొస్తాదిలే, ఆళ్ళకి వేరే పనేటి. నిన్న మీ సిన్నతాత అన్నాడు, కొండవతల ఆ రిసార్టు గేటు ముందు పాత గుంజ ఒకటి ఇంకా అలాగే ఉందంట. ఆ లీడరుకి భక్తి తక్కువనుకుంటాను, పసుపు బొట్టు కూడా పెట్టలేదంట. ఈ సుట్టుపక్కల దేవుడు కాని గుంజ ఇప్పుడు అదొక్కటే. ఉండనీ, దాని జోలికి మనమెందుకెల్తాం.

ఇంకో ఇడ్లీ ఏసుకో. సల్లగా ఉండు తల్లీ, నూరేళ్ళు నీ ఇంట్లో నువ్వుండు. రైలెక్కాలని ఉంటే పలాస ఎల్లు, మా వోళ్ళున్నారు, ఎక్కిస్తారు. ఈసారొచ్చినప్పుడు మాత్రం అబర్డీన్ బజార్లో పసుపు కొని తే. డబ్బా అడుగంటిపోయింది, జీపు ఎప్పుడొస్తాదో ఏటో...