సిద్ధమ్మ ఫ్రీజరు పెట్టె

మా మండలంలో వారంటీ కార్డును మొదటి అచ్చరం కాడ్నించి చివరి అచ్చరం దాకా చదివిన మొనగాడు ఎవడన్నా ఉండాడంటే అది ఈ చెంగల్రాయుడే, రాసి పెట్టుకోండి. సరే సరే, అట్ల చూడొద్దు లచ్చుమక్కా, సగమే చదివినా. ఆ సగం గూడా పెట్టె ఆగిపోయినాక చదివినా. ఆగకముందు చదివినోడు మన ఊళ్లో ఒక్కడూ లేడు, అదీ సంగతి. బొప్పాయిలకు పేపర్లు చుట్టేది మాత్రం ఆపకండి, మేస్త్రీ వస్తే నన్ను తిడతాడు, కతను తిట్టడు.

సిద్ధమ్మ వదినంటే మా ఓబులేసన్న పెండ్లాం. పక్కూరి నుంచి కూలికొచ్చినోళ్లకు చెప్తాండా, మనోళ్లు ఊఁ కొట్టండి చాలు. బోర్లు ఎండిపోయి తోట నిలబడక, ఆమె కువైటులో ఒక సేటు ఇంట్లో వంటకు పోయింది. ఆమె ఆడ ఉండంగా ఈడ వాళ్లమ్మ పోయింది. ఎండాకాలం. మన ఎండలు తెలుసు గదా, ఆరేసిన గుడ్డ తీసేలోపల పెళుసెక్కిపోతాది. శవాన్ని ఎంతసేపని పెట్టుకుంటారు? సాయంత్రానికే మట్టి చేసినారు. సిద్ధమ్మ వదిన మూడోనాడు వచ్చి ఆ మట్టికుప్పను చూసింది. ఏడవనన్నా లేదంట. "మా అమ్మ ముకం చూపీలేదు గదబ్బా మీరు" అనిందంట, అంతే. మల్లా కువైటు పోయి, మొదటి నెల జీతం మొత్తం పంపించి, ఓబులేసన్నకు ఫోన్ చేసిందంట. శవాన్ని పెట్టే ఫ్రీజరు పెట్టె అని ఒకటి ఉంటాదంట, ఊరికి అది కొను, మన ఊళ్లో ఇంటికొకరు కువైటులో ఉండారు, నా మాదిరి ఇంకెవురికీ కాగూడదు అనిందంట. తక్కినది ఊరంతా తలా కొంచెం ఏసుకున్యారు.

కొనేదానికి ఎవురు పోయినారనుకున్యారు? మన పెంచలయ్య మామ! షామియానాలు, కుర్చీలు బాడిగకిస్తాడు గదా, వస్తువు చూస్తానే దాని జాతకం చెప్తానంటాడు. ఓబులేసన్నను ఎంటబెట్టుకొని టౌనుకు పోయినాడు. పెట్టె చుట్టూ మూడు తూర్లు తిరిగి, పైనున్న అద్దాన్ని టకటకా కొట్టి, "వారంటీ ఉండాదా?" అన్నాడంట. షాపాయన "ఐదేండ్లు" అన్నాడంట. ఐదేండ్లు అనేసరికి మామకు ఇంక చెవులు పనిచెయ్యలా. ఓబులేసన్న మాత్రం మెల్లిగా "దేనికి సార్ ఐదేండ్లు?" అని అడగబోతే, మామ మోచేత్తో పొడిచి, "ఊరుకోరా, పల్లెటూరోళ్లు అనుకుంటారు" అన్నాడంట. చూడండబ్బా, అడగాల్సిన మాట నోటి దాకా వచ్చింది, పరువు అడ్డమొచ్చింది. చెడిపోతే ఎన్ని దినాల్లో వస్తారు అనీ అడగలా. బాగయ్యేదాకా ఇంకో పెట్టె ఏమన్నా ఇస్తారా అనీ అడగలా. టీ తాగి, పెట్టెను ఆటోలో ఏసుకొని వచ్చేసినారు. ఆ కార్డుకు మామ పసుపు కుంకుమ పెట్టి దేవుని పటం ఎనక దోపినాడు. కార్డు దేవుడైపోయినాక ఇంకెవురు చదువుతారు? మొక్కుతారు గానీ.

ఏమైందంటే, మన ఊళ్లో మైల సంగతి తెలుసు గదా. చావింటికి పోయొచ్చిన వస్తువేదైనా సరే, బెంచీ గానీ, గంప గానీ, మూడు బిందెల పసుపు నీళ్లు పోసి కడిగినాకే ఊళ్లోకి రావాల. ఆ పెత్తనమంతా ఎర్రమ్మ జేజిది. జేజంటే ఓబులేసన్న వాళ్ల నాయినమ్మ, తల్లి లేని పిల్లోడని చిన్నప్పుడే సంకనేసుకొని పెంచింది ఆయన్ని. పెట్టె మొదటి చావింటి నుంచి తిరిగొచ్చిన నాడు జేజి వీధి మొగదాల బిందెలతో నిలబడింది. పెంచలయ్య మామ చేతులడ్డం పెట్టి, "జేజీ, ఇది కరెంటు వస్తువే!" అన్నాడు. "ఏం, కరెంటుకు మైల లేదా?" అనింది జేజి. దానికి జవాబు మీకాడ ఉంటే చెప్పండి. బుడబుడా పోసింది. పెట్టెకు ఏమీ కాలా, మరుసటి చావుకు చక్కగా పనిచేసింది. పనిచేసింది గదా అని ఇంకో తూరి పోసింది. అట్ల తొమ్మిది చావులు, తొమ్మిది తూర్లు పసుపు నీళ్లు. ఆ పెట్టె వల్ల తొమ్మిదిండ్లోళ్లు కువైటు నుంచి వచ్చి ఆకరి చూపు చూసుకున్యారు. వాళ్లందరూ జేజి కాళ్లకు మొక్కిపోయినారు గూడా, పెట్టెను సుద్దంగా ఉంచినావు జేజీ అని.

పదో చావు మా ఓబులేసన్నది.

మంగళవారం పొద్దున తోటలో డ్రిప్పు పైపు సరిచేస్తా సరిచేస్తా, రొమ్ములో నొప్పి అని కూలబడినాడు. నీళ్లు తాపేలోపల అయిపోయింది. నలభై రెండేండ్లు. పెట్టె తెచ్చినారు, పడుకోబెట్టినారు. సిద్ధమ్మ వదినకు ఫోన్ చేసినా. ఇనంగానే "పెట్టె ఉండాది గదా?" అనింది. ఉండాది వదినా అన్నా. "అయితే నేనొస్తా, శుక్రవారానికి వస్తా, సేటు పాస్‌పోర్టు ఇస్తానన్నాడు. ఆయన్ని పెట్టండి, నేనొచ్చేదాకా తీయొద్దండి" అనింది. ఎందుకు తీస్తాం వదినా, నువ్వు పంపిన పెట్టే గదా అన్నా నేను. అన్నానబ్బా ఆ మాట.

బుధవారం మిట్టమద్యాన్నం పెట్టె ఆగిపోయింది. సద్దు లేదు. లైటు మాత్రం ఎలుగుతాండాది, అద్దం లోపల చెమ్మ పడతాండాది. పెంచలయ్య మామ ఇంటికి ఉరికి, దేవుని పటం ఎనక నుంచి కార్డు పెరుక్కొచ్చి నా చేతిలో పెట్టి, "చదవరా చెంగా, ఐదేండ్లు అని యాడుండాదో చదువు" అన్నాడు. అప్పుడు చదివినా. ఐదేండ్లు ఉండాది, లేకేం. అది కంప్రెషరుకు మాత్రమే. దాన్ని నడిపే బోర్డుకు ఒక ఏడాది. రబ్బర్లకు, అద్దానికి ఏమీ లేదు. స్టెబిలైజరు పెట్టకపోతే లేదు, బయట మెకానిక్కు ఇప్పితే లేదు, లోపలికి నీళ్లు పోతే అసలుకే లేదు. కార్డు మీదున్న నంబరుకు ఫోన్ చేస్తే ఒకమ్మాయి, మీ కంప్లెయింటు రాసుకున్నాం, ఏడు పనిదినాల్లో మనిషొస్తాడు అనింది. మామ ఫోన్ లాక్కొని, "తల్లీ, ఏడు దినాలు ఆగేదానికి లోపలుండేది కూరగాయలు గాదమ్మా" అన్నాడు. ఆ పిల్ల మాత్రం ఏం చేస్తాది, అట్లనే రాసుండాది సార్ అనింది.

మామ ఊరుకోలా, టౌనుకు పోయి బతిమాలి ఆ కంపెనీ మెకానిక్కునే బండి మీద ఎక్కించుకొచ్చినాడు. చిన్న వయసు పిల్లోడు, పేరు మస్తాన్. శవాన్ని తీసి మంచం మీద పడుకోబెట్టి, పెట్టె ఎనక మూత ఇప్పితే, బోర్డంతా పచ్చగా పక్కు కట్టుండాది. "ఇదేందన్నా, లోపల పులిహోర చేసినారా?" అన్నాడు ఆ పిల్లోడు. ఎవురూ నవ్వలేదని చూసి నాలిక కరుచుకున్యాడు. మెల్లిగా చెప్పినాడు: "కంప్రెషరు బంగారం మాదిరుండాదన్నా. బోర్డు కాలిపోయింది. దీని వారంటీ అయిపోయింది. ఉన్నా నీళ్ల కేసుకు ఇయ్యరు. దుడ్లు పెట్టి కొంటామన్నా మద్రాసు నుంచి రావాల, నాలుగు దినాలు." ఈ మాటలన్నీ గోడకానుకొని కూర్చున్న జేజి వింటానే ఉండాది. "ఏమంటాండాడురా ఆ పిల్లోడు?" అనింది. మామ, మీరు నమ్మరు, జీవితంలో మొదటి తూరి తెలివిగా అబద్ధం చెప్పినాడు: "ఏం లేదు జేజీ, ఎండకు యంత్రం అలిసిపోయింది." మస్తానుకేం తెలుసు పాపం. "కాదవ్వా, ఎవురో పసుపు నీళ్లు పోసినారు" అన్నాడు. జేజి రెండు చేతులూ ఇట్ల తిప్పి చూసుకునింది. గోళ్ల కింద పచ్చగా ఉండాది. కొంగు కింద పెట్టేసుకునింది చేతులు.

చుట్టుపక్కల ఇంకో పెట్టె లేదా అంటారు. ఉండాది, మూడూళ్ల అవతల. ఆ నాడు అదీ ఒక చావింట్లోనే ఉండాది, వాళ్ల కొడుకూ కువైటు నుంచే రావాల. తీసియ్యండి అని ఎట్లడుగుతాం? చాపల మార్కెట్టు నుంచి ఐసు దిమ్మెలు తెచ్చి, వరిపొట్టు పోసి, గోనెసంచులు కప్పి, బేస్తవారం మద్యాన్నం దాకా ఈడ్చినాం. దిమ్మె తెచ్చేలోపల సగం కరిగిపోతాది, ఉండేది సగం ఇంటికాడ కరిగిపోతాది. పెద్దోళ్లు వదినకు ఫోన్ చేసే పని ఒకరి మీద ఒకరు తోసుకుంటాండారు. నేనే ఫోన్ చేసినా. సిద్ధమ్మ వదిన ఇమానం టికెట్టు చేతిలో పెట్టుకోనుండాది, అయినా శుక్రవారమే ఇమానం. నేను నసుగుతాంటే ఆమెకే అర్థమైంది. "చెంగా, ఆయన రూపు చెడకముందే తీసకపోండి. ఊరు చూసేదానికి బాగుండాల ఆయన. ఒక్కతూరి వీడియోలో చూపీ నాకు" అనింది. చూపించినా. షామియానా కింద, ఐసు నీళ్లల్లో నిలబడి, ఫోన్ పట్టుకొని చూపించినా. "చూస్తాండా, చూస్తాండా" అంటా ఉండాది ఆమె. మల్లా "చాలు, ఎత్తండి" అనింది. ఎత్తినాం.

వదిన శుక్రవారం వచ్చింది. నేరుగా జేజి కాడికి పోయి కూర్చునింది. జేజి, "నేనేనే పోసింది, నేనే నీకు ఆకరి చూపు దక్కనీకుండా చేసినా" అనింది. వదిన ఆ కొంగు తీసి, జేజి చేతులు బయటికి లాగి, తన చెంపలకు ఆనించుకునింది. "నువ్వు పోసింది నా మొగుడి మీద గాదు జేజీ, మైల మీద. నేను చూసినా ఆయన్ని, బాగా చూసినా. చెంగడు దెగ్గిరగా పెట్టి చూపించినాడు" అనింది. అప్పుడు ఏడ్చింది జేజి, మూడు దినాల కింద ఏడవాల్సింది. అందరూ నా వీపు తట్టినారు, మంచి పని చేసినావురా అని.

ఇప్పుడు పెంచలయ్య మామ టార్చిలైటు కొన్నా సరే, దేనికుండాది, దేనికి లేదు, ఎన్నినాళ్లకొస్తావు, అంతవరకు నాకేమిస్తావు అని షాపోళ్ల ప్రాణం తీస్తాండాడు. పెట్టెకు కొత్త బోర్డు ఏయించినాం. చావింటి నుంచి వస్తే జేజి పొడిగుడ్డతో తుడిచి, గడప మీద చిటికెడు పసుపేసి ఊరుకుంటాది.

కత అయిపోయింది గానీ, లెయ్యకండి, ఇంకొకటుండాది. ఇంతవరకు ఎవురికీ చెప్పలా, మా ఇంట్లో గూడా. ఆ నాడు వీడియోలో ఓబులేసన్న ముకం మీదికి ఫోన్ పెట్టినానా, ఒక్క గడియ పెట్టినా. నాకు ఏడుపు ముంచుకొచ్చి ముకం పక్కకు తిప్పుకున్యా, చెయ్యి యాడికి పోయిందో చూసుకోలా. ఆమె చాలు అన్నాక కిందికి చూస్తే, ఫోన్లో మూలన, నేనేం చూపిస్తాండానో కనపడతాది గదా, దాంట్లో పెంచలయ్య మామ షామియానా గుడ్డ కనపడతాండాది. ఎర్ర చారలు, పచ్చ చారలు. చూస్తాండా, చూస్తాండా అనిందే, అంతసేపూ ఆమె చూసింది ఆ గుడ్డనే.