శాంతి పాట తీసేసిన కంబగిరి

కంబగిరి అని ఒకడుండె. అచ్చరమ్ముక్క రాదు గానీ, నోరు తెరిస్తే పాటే. గొర్లు కాసుకుంటానే పదాలు కట్టేటోడంట. ఊరి భాగోతానికి పాటలు కట్టే శేషప్ప ముసలోడైపోతే, ఊరోళ్లంతా ఈ యేడు నరసింహసామి ఆట నువ్వు కట్టప్పా అన్నారు. ఏమైందంటే, ఆ ఆటలో సింహం మొగం కట్టుకునేటోడు వారం ముందు నుంచీ ఒక్కపొద్దుంటాడు. మొగం కట్టినాక వాడు మనిషి గాదు, సామే. నడుముకి మోకు కట్టి నలుగురు పట్టుకుంటారు. కడాకు శాంతి పాట పాడితే గానీ సామి దిగడు. ఆ పాట సాగీ సాగీ సగం మంది కునుకు తీస్తారని కంబగిరి దాన్ని తీసేసినాడు. శేషప్ప వచ్చి, ఒరే అబ్బీ, అది జనం కోసరం కట్టింది కాదురా, నేను గురువు కాడ పన్నెండేండ్లుండి నేర్చుకున్నా అన్నాడంట. వీడేమో, నీకు నేర్చుకుంటే వచ్చింది, నాకు పుట్టుకతోనే వచ్చింది తాతా, అని నవ్వినాడు. నవ్వడా మరి, ఆ వయసట్లాంటిది.

ఆట రోజు పొద్దు గూకతాంది. సింహం మొగం కట్టింది మద్దిలేటి. హిరణ్యకశిపుడెవరనుకున్నారు, కంబగిరి సొంత తమ్ముడు తిమ్మప్ప. కంబగిరి తాళాలు పట్టుకోని పాడతాంటే, అబ్బా, ఏం పాటనుకో, ఆడోళ్లు బిడ్డల్ని ఒళ్లోకి లాక్కున్నారు. కాగితాల స్తంభం చీల్చుకోని మద్దిలేటి బయటికొచ్చినాడు. ఒక్క అరుపు. మోకు తెగింది, నలుగురూ నాలుగు దిక్కుల పడినారు. తిమ్మప్పని తొడమీదేసుకున్నాడు. గోర్లు రేకువే, అయినా కడుపు మీద నెత్తురు కనపడింది. "అన్నా, ఇది ఆట గాదన్నా" అంటాండాడు తిమ్మప్ప.

కంబగిరి పాట మార్చబోయినాడు. దిగు సామీ అని పాడదామంటే నోట్లో ఏమొస్తాది, సామికి ఇంకా కోపమెక్కే పాటే వస్తాది. వాడికొచ్చిందదొకటే. పాడేకొద్దీ గోర్లు దిగతాండాయి. భయమంటే అదప్పా, మన నోరే మనోణ్ణి సంపుతాంటే. నోరు మూసుకోని పోయి శేషప్ప కాళ్ల మీద పడినాడు. "తాతా, నాకు రాదు. నా తమ్ముణ్ణి కాపాడు" అన్నాడు.

ముసలోడు శాంతి పాట ఎత్తుకున్నాడు. గొంతు బొంగురు, ఒక్కో మాటా ఆగి ఆగి, బిడ్డ నాయన్ని పిలిచినట్టు. ఒక్కడు కూడా రెప్ప వేయలేదు. సగం పాటకి మద్దిలేటి చేతులు సడలినాయి, పక్కకి ఒరిగి ఏడ్చినాడంట. తిమ్మప్ప బతికినాడు.

పుట్టుక గొప్పా, నేర్పు గొప్పా అంటే నన్నడగొద్దు. శేషప్ప ఆటలో సామి ఎన్నడూ అట్లా రాలేదు, అదీ నిజమే. మూడేండ్లు ఆట నిలిచిపోయింది, కంబగిరి ముసలోని కాడ కూచున్నాడు. నాలుగో యేడు మళ్లీ ఆడదామంటే తిమ్మప్ప ఏమన్నాడనుకున్నారు? "ముందు మా అన్నని ఆ శాంతి పాట మొత్తం పాడమనండి, నేనింటా. ఆమీద తొడమీద పండుకునేది చూద్దాం" అన్నాడు. నేనైనా అంతే అంటా.